అయ్యగారి జీపు ఎడమకెందుకు ఒరిగింది

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నాలుగు పళ్లయినా ఊడి ఉండాలంటాడు మా నాయన. నాకింకా ఇరవై ఎనిమిది నిండలేదు. పళ్లన్నీ ఉన్నాయి, ఒక్క జ్ఞానదంతం తప్ప (వస్తా వస్తానని అది రెండేళ్లుగా బెదిరిస్తోంది). అయినా సరే, ఆ రోజుల్లో అనే అంటాను. పదేళ్ల కిందటి నన్ను తలుచుకుంటే నేనే అనిపించదు. దూరపు చుట్టాలమ్మాయి ఎవరో సెలవులకు వచ్చి మా ఇంట్లో మూల కూర్చున్నట్టు ఉంటుంది. ఆ పిల్లకు సిగ్గు. మామూలు సిగ్గు కాదు. ఉప్పు కోసం కొట్టుకు పోయి, కొట్టాయన “సబ్బేనా పాపా?” అంటే కాదనలేక తలూపి, సబ్బుతో ఇంటికొచ్చేంత సిగ్గు. “దేవుడు ఈ పిల్లకు నోరు అన్నం తినేదానికి మాత్రమే ఇచ్చినట్టుండాడు” అనేది అమ్మ. నోటితో అనలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. పద్దెనిమిదేళ్ల పిల్ల రాసుకోవలసినవి ఆళ్లగడ్డలో పెద్దగా ఏమీ జరిగేవి కావు. అందుకని ఎవరింట్లో ఏం కూర, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎన్నిసార్లు దగ్గారు, ఇవే తేదీలు వేసి మరీ రాసేదాన్ని.

మా చర్చి పాస్టరు గారిని అందరూ అయ్యగారు అనేవాళ్లు, ఆయన భార్యను అమ్మగారు. అయ్యగారికి ఒక పాత మిలిటరీ జీపు ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక మా పాటల బృందాన్ని అందులో ఎక్కించుకుని కోయిలకుంట్ల వైపు పల్లెలకు తీసుకుపోయేవారు. ఆ పల్లెలన్నీ నల్లరేగడి. వానలకు ఎద్దులబండ్లు తొక్కి తొక్కి దారిలో రెండు కాలువలు పడేవి, నడుమ మన్ను గట్టులా లేచి నిలబడేది. ఆ గట్టు జీపు పొట్టకు తగులుకునేది. నాలుగు చక్రాలూ ఊరికే గిరగిరా తిరిగేవి, జీపు మాత్రం గట్టు మీద బోర్లా పడుకున్న గేదెలా కదిలేది కాదు. రెండు వానాకాలాలు మేము దిగి, బురదలో నిలబడి, తోసి తోసి, పల్లె చేరేసరికి పాడడానికి గొంతు, నిలబడడానికి కాళ్లు లేకుండా పోయాక, అయ్యగారు జీపును ఎత్తు చేయించాలని నిర్ణయించారు. నంద్యాలలో ఒక మెకానిక్ ఉండేవాడు. అందరూ కమాను భాయి అనేవాళ్లు. కమాన్లంటే చక్రానికీ బండికీ నడుమ విల్లులా వంగి ఉండే ఇనుప పట్టీల కట్టలు. వాటి మీదే బండి బరువంతా కూర్చుంటుంది. భాయి ఒక్కో కట్టకు ఒక్కో లారీ పట్టీ కలిపి, కట్టలను తగిలించే కొక్కేలు కూడా పొడుగువి వేసి, జీపును బెత్తెడు పైకి లేపాడు. “ఇంగ గట్టు కాదు అయ్యగారూ, గొర్రెపిల్ల కూడా కింద దూరి పోతాది” అన్నాడు. అయ్యగారు అక్కడే షెడ్డులో నిలబడి చిన్న ప్రార్థన చేశారు. భాయి కూడా టోపీ సర్దుకుని ఆమేన్ అన్నాడు.

ఆ జీపుతో నాకొక స్వార్థం ఉండేది. ప్రతి శనివారం అయ్యగారు సంఘం పనుల మీద నంద్యాల పోయేవారు, వెనక బల్ల మీద ఒక మూల నేనూ పోయేదాన్ని. ఆళ్లగడ్డ లైబ్రరీలో కథల బీరువా నేను రెండుసార్లు ముగించాను. తర్వాత ఏమీ దొరక్క పశువుల జబ్బుల పుస్తకం కూడా చదివాను (గాలికుంటు గురించి ఇప్పటికీ మీరు నన్ను అడగవచ్చు). నంద్యాల లైబ్రరీలో మాత్రం బీరువాలు వరుసలు వరుసలుగా ఉండేవి. వారానికి రెండు పుస్తకాలు. వారమంతా ఆ రెండు పుస్తకాల మీదే బతికేదాన్ని. “జీపులో అయితే పో. బస్సులో అయితే వద్దు” అని నాయన షరతు. నాయన అన్యాయస్థుడేమీ కాదు. ఆయన బడిపంతులు, పుస్తకమంటే ప్రాణం. కానీ ఒకసారి కోయిలకుంట్ల బస్సులో నేను దిగవలసిన ఊరు వచ్చినా ‘ఆపండి’ అనే మాట నోట్లోంచి రాక, బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి, అదే బస్సులో సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆ రోజు నుంచీ నాయన నన్ను బస్సుకు అప్పగించలేదు.

సరే, ఎత్తయిన జీపుకు మొదటి ఆదివారమే కొత్త జబ్బు పట్టుకుంది. ఎడమకు ఒరగడం మొదలుపెట్టింది. ఇదివరకు పొట్టిగా ఉన్నప్పుడు ఒరిగినా తెలిసేది కాదేమో, ఇప్పుడు మిద్దె మీది నుంచి వంగి చూస్తున్నట్టు ఉండేది. ఎడమ చక్రం గుంతలో పడితే మేమంతా ‘హా’ అనేవాళ్లం. దానికి తోడు ఎడమ కమాను కీర్, కీర్ అని ఒకటే మోత. మా హార్మోనియం పిన్ని (మా బృందంలో పెట్టె వాయించేది ఆవిడే, ఆ పెట్టెను ఒళ్లోంచి దించేది కాదు) దారిలో పాట ఎత్తుకుంటే ఆ కీరుమోతకే తాళం కుదిరేది. తర్వాత భాయి కమాన్లకు గ్రీజు పెట్టి మోత ఆపేస్తే, ఒక ఆదివారమంతా మా తాళం తప్పింది.

జీపు నడిపేది గేరన్న. (గేరు మార్చినప్పుడల్లా పళ్లు నూరుకుంటాడు, బండి పళ్లతో పాటు తన పళ్లు కూడా.) గేరన్న తప్పు రోడ్డుదన్నాడు. “రోడ్డే ఆ పక్కకు వాలిండాది అయ్యగారూ” అన్నాడు. “మరి తిరిగొచ్చేటప్పుడు అదే రోడ్డు కుడికి వాలాల కదప్పా” అన్నారు అయ్యగారు. గేరన్న ఊరొచ్చేదాకా ఆలోచించి, “అదే నాకూ అర్థం కాలే” అన్నాడు.

శనివారం భాయి దగ్గరికి. భాయి బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, గాలి చూసి, కింద దూరి సుత్తితో ఒక్కో పట్టీ మీద కొట్టి విని, లేచి, పక్క గిడ్డంగి నుంచి నాలుగు శనగ బస్తాలు తెప్పించి, రెండు అటు రెండు ఇటు వేయించాడు. ఒక వెదురు పుల్ల తెచ్చి రెండు వైపులా ఎత్తు కొలిచాడు. “మట్టంగా ఉండాది. నీళ్ల గిన్నె పెట్టినా తొణకదు. సూడండి అయ్యగారూ, డ్రైవరు కుడిపక్క, పెట్రోలు టాంకీ కుడిపక్క. ఒరిగితే కుడికి ఒరగాల. ఎడమకు ఒరగను దీనికేం పోయేకాలం?” ఎందుకైనా మంచిదని ఎడమ కట్టకు ఇంకో పట్టీ వేశాడు. ఖాళీ బండి కుడికి వాలింది. కుడికి కూడా ఒక పట్టీ వేశాడు. బండి ఇంకో బెత్తెడు లేచింది. ఆదివారం మళ్లీ ఎడమకే. తర్వాతి శనివారం రబ్బరు బుష్షులు మార్చాడు, బోల్టులు బిగించాడు, మళ్లీ ఎడమకు పట్టీ, దాన్ని సరిచేయడానికి కుడికి పట్టీ. వారం వారం జబ్బు తగ్గేది కాదు, జీపు మాత్రం పెరిగేది. మొదట అమ్మగారు ఒక ముక్కాలిపీట వేసుకుని ఎక్కేవారు. తర్వాత పీట మీద పీట. ఆరో ఆదివారానికి మేము చర్చి అరుగు పక్కకు జీపును తెప్పించుకుని అరుగు మీది నుంచి నేరుగా అందులోకి నడిచేవాళ్లం. పల్లెల్లో అరుగులు ఉండవు కాబట్టి దిగడం మాత్రం దైవాధీనం. ఒక పల్లెలో మమ్మల్ని చూసి ఒక ముసలాయన, “ఏందప్పా ఇది, బండా, సేన్లో మంచెనా?” అని అడిగాడు.

ఏడో ఆదివారం దారిలో ఎడమ ముందరి చక్రం గుంతలో దిగినప్పుడు బండి ఎంత వాలిందంటే, హార్మోనియం పిన్ని తన పెట్టెతో సహా పక్కావిడ ఒళ్లోకి, పక్కావిడ ఆ పక్కావిడ ఒళ్లోకి, అట్లా చివరి బరువంతా అమ్మగారి మీదికి వచ్చి ఆగింది. అమ్మగారు కళ్లద్దాలు సర్దుకుని, కిందికి దిగి, మిగతా రెండు మైళ్లూ నడిచారు. అయ్యగారు ఎక్కమనలేదు, ఆమె ఎక్కుతాననలేదు. జీపు ఆమె వెనకే నెమ్మదిగా నడిచింది.

ఆ సాయంత్రమే అయ్యగారు మా నాయనతో చెప్పారు. “కోయిలకుంట్ల శనగల వ్యాపారి ఒకాయన బండి అడుగుతాండాడు. సేన్లకు పోయేదానికి ఎత్తు బండి కావాలంట. ఈ శనివారం కూడా బాగు కాకపోతే సోమవారం వచ్చి తోలుకుపొమ్మంటా. పల్లెలకు సైకిళ్ల మీద పోతాం.” నేను గుమ్మం వెనక నిలబడి విన్నాను. సైకిల్ మీద అయ్యగారు నంద్యాలకు పోరు. పోయినా వెనక నన్ను ఎక్కించుకోరు. ఇంక నాకు మిగిలేది పశువుల జబ్బులు.

ఆ రాత్రి ఏడుపు రాలేదు, డైరీ తీశాను. ఏడు ఆదివారాలూ వరుసగా చదివాను. ‘మేము ఏడుగురం. అటు ఇద్దరు. ఒరిగింది.’ ‘మేము ఎనిమిది, పిన్ని చెల్లెలు వచ్చింది. అటు ఇద్దరు. బాగా ఒరిగింది.’ ఇట్లాగే. ఒక్క ఆదివారం మాత్రం: ‘కోత పండుగ. పల్లెవాళ్లు కానుకగా ఇచ్చిన మూడు బస్తాల జొన్నలు మగవాళ్ల వైపు వేశారు, మా వైపు చోటు లేదని. బండి బుద్ధిగా నడిచింది. పిన్ని చద్దన్నంలో ఉప్పెక్కువ.’

చర్చిలో మా ఆడవాళ్లం ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. ఎప్పటినుంచో అంతే. జీపులో వెనక ఎదురెదురుగా రెండు పొడుగు బల్లలు. ఎవరూ చెప్పకుండానే ఎడమ బల్ల మాది, కుడి బల్ల వాళ్లది అయిపోయింది. మగవాళ్లలో చాలామంది సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, జీపులో ఎక్కేది డోలక్ తాత, ఇంకొకాయన. ఆ బల్ల మీద వాళ్లిద్దరూ నడుమ డోలక్‌ను మూడో మనిషిలా కూర్చోబెట్టుకుని ఉండేవాళ్లు. ఈ బల్ల మీద ఏడుగురం, పెట్టె, క్యారియర్లు, నీళ్ల కూజా, ఒకరిద్దరు చంటిపిల్లలు, “ఇంకొంచెం జరగండమ్మా” అనే మాట. ఇది ఎవరికీ బరువుగా కనిపించలేదు, ఆరాధనగా కనిపించింది. భాయికి కనిపించే వీలే లేదు. ఆయన చూసేది శనివారం జీపు, అందులో వెనక బల్లల మీద నేనొక్కదాన్నే. ఆయన శనగ బస్తాలకు ఆడా మగా తేడా లేదు, ఎటు రెండు వేస్తే అటు రెండు ఉంటాయి.

తెలిసింది సరే, చెప్పడం ఎట్లా? సోమవారం నాయనకు చెబుదామని పోయి, మంచినీళ్లిచ్చి వచ్చాను. మంగళవారం అమ్మకు చెబుదామని పోతే, “ఏమ్మే, ఆకలవుతాందా?” అంది. అవునన్నాను. బుధవారం గేరన్నకు చెబుదామని జీపు దాకా పోయి, జీపును ఒకసారి నిమిరి తిరిగొచ్చాను. శుక్రవారం దాకా ఇదే తంతు. చివరికి ఒక చీటీ రాశాను. ఎనిమిదిసార్లు రాసి చింపి, తొమ్మిదోది ఉంచాను.

శనివారం షెడ్డులో భాయి వెనుదిరిగి ఉన్నప్పుడు ఆ చీటీని ఆయన పానాల పెట్టె మీద పెట్టి, దాని మీద ఒక నట్టు పెట్టి, వచ్చి బల్ల మీద నా చోట్లో కూర్చున్నాను. భాయి చీటీ చూశాడు. తిప్పి చూశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. నేనొక సంగతి మరిచిపోయాను. భాయికి చదవడం వచ్చు, ఉర్దూ. తెలుగు రాదు.

“అయ్యగారూ, ఎవురో నాకు జాబు రాసినారు, సదవండి” అంటూ తెచ్చి అయ్యగారి చేతికిచ్చాడు. అయ్యగారికి ఒక అలవాటుంది. ఏ కాగితమైనా బైబిలు వాక్యం చదివినట్టే, గొంతెత్తి, ఆగి ఆగి చదువుతారు. షెడ్డులో పనివాళ్లు, పక్క కొట్టు వాళ్లు, పంచరుకు వచ్చిన సైకిళ్ల వాళ్లు అందరూ విన్నారు.

“గౌరవనీయులైన మెకానిక్ గారికి. ఈ బండిలో స్త్రీలు ఏడుగురు ఎడమవైపునను, పురుషులు ఇద్దరు కుడివైపునను కూర్చుందురు. తమరు బస్తాలు సమానముగా వేసి పరీక్షించుచున్నారు. మేము బస్తాల వలె సమానముగా లేము. కోత పండుగ నాడు కుడివైపున మూడు బస్తాల జొన్నలు వేయగా బండి నిటారుగా నడిచినది. పరిశీలించగలరని ప్రార్థన. ఇట్లు, ఒక శ్రేయోభిలాషి.” (గ్రాంథికంలో రాస్తే నేను రాసినట్టు తెలియదనుకున్నాను.)

పంచర్లు వేసే ఆయన పకపకా నవ్వాడు. అయ్యగారి ముఖం ఎర్రబడింది. “ఆకాశరామన్న ఉత్తరం! మా సంఘం ఆడవాళ్ల బరువు తూచేది ఎవురప్పా?” అని అటూ ఇటూ చూసి, చూపు గేరన్న మీద ఆపారు. ఆదివారాలు జీపులో ఉండి, శనివారాలు షెడ్డులో ఉండే మగమనిషి అయ్యగారు కాక గేరన్న ఒక్కడే. నన్నెవరూ లెక్కలో వేసుకోలేదు. నేను బల్లకు ఒక మేకులాంటిదాన్ని.

“నేనా? అయ్యగారూ, నాకు సంతకం పెట్టాలంటేనే సెమటలు పడతాయి. ‘కూర్చుందురు’ అంట! నా జన్మలో నేను కూర్చుందురు అన్లే!” అన్నాడు గేరన్న.

“నువ్వు చెప్తే ఇంకెవురో రాసిండొచ్చు.”

“సత్యంగా కాదు అయ్యగారూ. నేను రేపు అమ్మగారి ముందర నిలబడాల్సినోన్ని. నాకు పెండ్లాం బిడ్డలుండారు!”

“సోమవారం బండితో పాటు నీ సంగతీ తేలుస్తా” అన్నారు అయ్యగారు.

నా వల్ల గేరన్న ఉద్యోగం పోతుందనేది నేను అనుకోని సంగతి. ఆ క్షణంలో నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, మాట్లాడడం. రెండు, స్పృహ తప్పి పడిపోవడం. రెండోదానికి నిజంగానే ప్రయత్నించాను, కళ్లు మూసుకుని చూశాను, రాలేదు. జీపు దిగబోయాను. అది ఎంత ఎత్తుందో మరిచిపోయాను. దిగడం కాదు, దూకడం అయింది. భాయి గ్రీజు డబ్బా పక్కన మోకాళ్ల మీద పడి, అక్కడి నుంచే, ఎందుకో చెయ్యి పైకెత్తి, “నేనే” అన్నాను.

అయ్యగారు చుట్టూ చూశారు. “ఎవురు మాట్లాడింది?”

“నేనే అయ్యగారూ. గేరన్న కాదు. డైరీలో ఉంది. ఏడు ఆదివారాలది.”

అంతే. భాయి అప్పటికే వినడం మానేసి వేళ్లు మడుస్తున్నాడు. “ఏడుగురు ఈ పక్క... ఇద్దరు ఆ పక్క...” ఉన్నట్టుండి తన నుదుటి మీద తనే ఒక దెబ్బ వేసుకున్నాడు, నుదురంతా గ్రీజు. “అరె అల్లా! నేను బస్తాలకు వైద్యం చేస్తాండా, రోగం మనుషులకుండాది!”

షెడ్డు వెనకే ఆయన ఇల్లు. లోపలికి పోయి కేకేశాడు. వాళ్లమ్మ వచ్చింది, ఆమెను అందరూ దాదీ (నాయనమ్మ) అనేవాళ్లు. వెనకే ఆయన భార్య, ఇద్దరు చెల్లెళ్లు, పక్కింటి వాళ్లు ముగ్గురు. దాదీకి డెబ్బై ఉంటాయి. జీపును కింది నుంచి పైదాకా చూసి, “దీంట్లోకి ఎక్కాలనా, దీని మీది నుంచి సెందమామను చూడాలనా?” అంది. నిచ్చెన తెచ్చారు. ఏడుగురూ ఎడమ బల్ల మీద సర్దుకున్నారు. కుడి బల్ల మీద పంచరు ఆయన, గేరన్న. భాయి పుల్ల తెచ్చి కొలిచాడు. ఎడమవైపు బెత్తెడు కిందికి దిగి ఉంది. అచ్చం మా ఆదివారం జీపు. నాకు దాన్ని చూసి కళ్లనీళ్లు తిరిగాయి, చుట్టం ఎదురొచ్చినట్టు.

“అమ్మీ, ముగ్గురు ఆ పక్కకు రాండి” అన్నాడు భాయి. దాదీయే ముందు లేచింది. “ఏ పక్క కూసున్నా నా మోకాళ్లు నావే కదా” అంటూ వచ్చి పంచరు ఆయనను మోచేత్తో జరిపి కూర్చుంది. పుల్ల పెట్టి చూస్తే ఇటూ అటూ ఒకటే. భాయి పుల్లను పైకెత్తి అందరికీ చూపించాడు. చప్పట్లు కొట్టారు. అయ్యగారు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతా అయ్యాక దిగమంటే దాదీ దిగలేదు. “ఇంత ఎత్తు ఎక్కించి ఊరికే దించుతావా? ఊరు సూపించు.” గేరన్న వాళ్లను నంద్యాలంతా ఒక చుట్టు తిప్పాడు. మిద్దెల మీద వడియాలు ఎండబెట్టుకునే వాళ్లతో దాదీ ముఖాముఖి పలకరింపులు జరుపుకుంటూ పోయిందని తర్వాత చెప్పాడు.

భాయి సాయంత్రం దాకా కూర్చుని, తను వేసిన పట్టీలన్నీ ఒక్కొక్కటీ ఊడదీసి, కట్టకు మొదట కలిపిన ఒక్క పట్టీ ఉంచి, రెండు వైపులా సమానం చేశాడు. “బండి పని అయింది. మనుషుల పని మీది” అన్నాడు అయ్యగారితో. ఆ మాటకు అయ్యగారి ముఖంలో భయం నేను చూశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర జీపు నిలబడింది. అయ్యగారు గొంతు సర్దుకుని, “ఈ రోజు నుంచి ఆడవాళ్లు ముగ్గురు కుడి పక్క కూర్చోవాల” అన్నారు. ఒక్కరూ కదల్లేదు. హార్మోనియం పిన్ని పెట్టెను గట్టిగా పట్టుకుంది. డోలక్ తాత, “మాకెందుకొచ్చిన తంటా, మేమూ సైకిళ్ల మీద వస్తాంలే” అన్నాడు. వాళ్లూ దిగిపోతే కుడివైపు గాలి తప్ప ఏమీ మిగలదు. జీపు ఈసారి పడుకుంటుంది. రేపు సోమవారం. వ్యాపారి వస్తాడు. నేను మా నాయన వెనక దాక్కున్నాను.

“ఎందుకంట?” అన్నారు అమ్మగారు. అయ్యగారు ఏం చెప్పాలో తెలియక జేబులోని చీటీ తీసి ఇచ్చారు. అమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివారు. “ఎవురు రాసినారు ఇది?”

నిన్న ఒకసారి అన్నందువల్లేమో, రెండోసారి కొంచెం తేలిగ్గా వచ్చింది. “నేనే అమ్మగారూ.”

ఆవిడ నన్ను చూశారు, చీటీ చూశారు. “మేము బస్తాల వలె సమానముగా లేము” అని పైకి చదివి, మగవాళ్ల వైపు తిరిగారు. “యాడ సమానం? ఇన్నేండ్లుగా ఏడుగురం ఈ పక్క ఊపిరాడకుండా ఇరుక్కోని పోతాండాం. ఆ పక్క ఈ ఇద్దరూ కాళ్లు సాపుకోని, డోలక్‌కు కూడా ఒక సీటు. ఒక్కరోజన్నా మీరెవరైనా సూసినారా? ఈ నోరు లేని పిల్ల సూసింది.” డోలక్ తాత డోలక్‌ను ఒళ్లోకి తీసుకున్నాడు. “మొగోళ్ల పక్కన కూసునే పని మాకొద్దు” అన్నారు అమ్మగారు. “జీపును నిలువుగా కాదు, అడ్డంగా పంచుకుంటాం. ముందర సగం మీరు, ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు. వెనక సగం మేము, రెండు బల్లల మీదా. నడుమ డోలక్, హార్మోనియం. పాండి ఎక్కుదాం.”

అడ్డంగా పంచుకోవచ్చునన్న సంగతి భాయికి తట్టలేదు, అయ్యగారికి తట్టలేదు, ఏడు ఆదివారాల డైరీ చదివిన నాకూ తట్టలేదు. డోలక్ పక్కన ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నావైపు చూశారు. చీటీ రాసినందుకు అది నా శిక్ష. ఆ రోజంతా తాత దరువు నా కుడి చెవిలో పడింది. కానీ జీపు నిటారుగా నడిచింది. గుంతలో దిగి లేచినప్పుడు రెండు వైపులా ఒకేసారి ‘హా’ అన్నాం. గేరన్న వెనక్కి తిరిగి నాకు దండం పెట్టాడు, రెండు చేతులతో, స్టీరింగు వదిలేసి.

సోమవారం వ్యాపారి వచ్చి, జీపు చుట్టూ తిరిగి, ఇది నేను చూసినంత ఎత్తు లేదే అని తనే పెదవి విరిచి పోయాడు. శనివారం నేను నంద్యాల పోయాను. లైబ్రరీకి పోయే ముందు షెడ్డు దగ్గర ఆగితే, అక్కడ ఒక ట్రాక్టరు, దాని చుట్టూ చేతులు కట్టుకుని నలుగురు పెద్దమనుషులు. భాయి నన్ను చూపించి, “ఇదిగో, ఈ పాపే. ఈమె సెప్తాది” అన్నాడు. నలుగురూ నావైపు తిరిగారు. చాలాసేపటికి, “నేనింకా దీన్ని చూడలేదు కదా” అన్నాను. వాళ్లలో వాళ్లు తలలూపుకున్నారు. “సూసి సెప్తాదంట. అట్లుండాల పెద్ద మెకానిక్కంటే” అన్నాడొకాయన. మళ్లీ నేనటు పోలేదు గానీ, ఆ ట్రాక్టరు ఆయన మూడు వారాలు నాకోసం వచ్చాడని విన్నాను.

ఇప్పుడు నేను బడిలో టీచర్ని. రోజుకు ఐదు గంటలు మాట్లాడతాను. కొట్లో ఉప్పడిగి ఉప్పే తెచ్చుకుంటాను. బస్సును ఎక్కడంటే అక్కడ ఆపిస్తాను, ఒక్కోసారి ఊరు రాకముందే. పోయిన వానాకాలం మా బడి కప్పు కారుతోంటే టీచర్లందరం కూర్చుని చర్చించాం. నేను అందరికంటే ముందు, పైకి చూడనైనా చూడకుండా, కారుతున్నది ఫలానా చోటని గట్టిగా చెప్పాను. అంత గట్టిగా చెప్పేసరికి అందరూ నమ్మి అక్కడే బాగుచేయించారు. ఇప్పటికీ కారుతూనే ఉంది, మూరెడు ఇవతల, సరిగ్గా నా కుర్చీ మీద. గొడుగు వేసుకుని పాఠం చెబుతున్నాను, పిల్లలు నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. డైరీ రాసుకునే ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల అయితే ఏడు వానలు చూసేది, తేదీలు వేసి రాసుకునేది, అప్పుడు కూడా నోరు విప్పడానికి ఒక శనివారం దాకా ఆగేది. నా సిగ్గు పోవాలని ఆ రోజుల్లో మోకాళ్ల మీద ఎంత ప్రార్థన చేశానో నాకు తెలుసు. దేవుడు విన్నాడు. కొంచెమన్నా మిగల్చమని అడగడం నాకు అప్పుడు తోచలేదు.